కంటిలోపలి పుట్టుమచ్చ, రెటీనా కింద మొలిచే రక్తనాళాలు: మన కంటి శిబిరాలకు ఒక పాఠం



 ప్రతి ఏటా ఈ ప్రత్యేక సంచికలో పిల్లల చదువు గురించి నాలుగు మాటలు రాయడం మాకు అలవాటు. ఈసారి కంటి శిబిరాల గురించి రాయమని పెద్దలు కోరారు. మేము వైద్యులం కాము. పాతికేళ్లకు పైగా మహబూబాబాద్ చుట్టుపక్కల బడుల్లో జీవశాస్త్రం చెబుతున్న ఉపాధ్యాయులం. సంస్థ శిబిరం పెట్టినప్పుడల్లా పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చునేది మేమే. ఆ బల్ల దగ్గర మా వల్ల జరిగిన ఒక పొరపాటే ఈ పాఠానికి కారణం. దాతల సొమ్ముతో నడిచే పని కాబట్టి, మంచి జరిగినప్పుడు చెప్పుకున్నట్టే పొరపాటు జరిగినప్పుడు కూడా దాతలకు చెప్పుకోవాలని మా అభిప్రాయం.

ఒక ఖాలా కథ

మూడేళ్ల కిందట మన శిబిరానికి బట్టలు కుట్టి బతికే ఒక ఖాలా వచ్చారు. వయసు యాభై ఎనిమిది. దగ్గరి చూపు తగ్గిందన్నారు. అక్షరాల బోర్డు చదివించి, అద్దాలు మార్చి చూసి, కళ్లజోడు ఇచ్చి పంపాం. ఆ ఏడాది ప్రత్యేక సంచికలో కళ్లజోళ్లు అందుకున్న వారి లెక్కలో ఆమె కూడా ఒక అంకె.

రెండు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చారు. "మాస్టర్ సాబ్, జోడు పెట్టుకున్నా కుట్టు వంకరే కనిపిస్తోంది. ఖురాన్ తెరిస్తే పేజీలో గీతలు మధ్యలో గుంటలో పడ్డట్టు వంగుతున్నాయి" అన్నారు. "ఖాలా, కొత్త జోడు అలవాటయ్యేదాకా అలాగే ఉంటుంది" అని సర్దిచెప్పాం. ఆమె ఊరుకోకపోతే పవర్ మార్చి మరో జోడు ఇప్పించాం. గీత వంగుతోందన్న మాటే జబ్బు చిరునామా అని మాకు తెలియదు. బడిలో కన్ను పాఠం బొమ్మ గీసి మరీ చెప్పే మాకే తెలియకపోవడం ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ఇంకో మూడు నెలలు గడిచాక కొడుకు ఆమెను హైదరాబాద్ తీసుకెళ్లాడు. అక్కడ కంటిలో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక వెనక గోడ చూశారు. ఎడమ కంటిలో, రెటీనా కింద ఒక నల్లని పుట్టుమచ్చ ఉంది. దాని మీద అసహజమైన రక్తనాళాలు మొలిచి నీరు, నెత్తురు కార్చి చూపు మధ్యభాగాన్ని చెడగొట్టాయి. "కంటిలో మచ్చ" అన్న మాట ఇంటికి చేరేసరికి "కంటిలో క్యాన్సర్" అయింది. వారం రోజులు ఆ ఇంట్లో సరిగా పొయ్యి వెలగలేదు. పక్కింటి వాళ్లేమో పుట్టుమచ్చ అదృష్టమన్నారు. భయపడాల్సిన మచ్చకు కాదు, ఆలస్యానికి. ఆ సంగతి చెప్పేవారే వాళ్లకు దొరకలేదు.

కంటి వెనక గోడ ఎలా ఉంటుంది?

పెద్దవాళ్ల కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని లోపలి గోడకు అతికి ఉండే పలుచని పొర రెటీనా. కాంతిని పట్టుకుని మెదడుకు కబురు పంపేది ఇదే. రెటీనా నడిమధ్యన మాక్యులా అనే చిన్న చోటు ఉంది. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటి మనిషి ముఖం గుర్తుపట్టడం అన్నీ ఆ చిన్న చోటు చేసే పనులే.

రెటీనా వెనక ఏముందో మన ప్రాంతపు పోలికతో చెబుతాం. కాకతీయుల నాటి బయ్యారం చెరువు కింది పొలాలు అందరూ చూసినవే. రెటీనాను పంట అనుకోండి. దాని వెనక కోరాయిడ్ అనే పొర ఉంటుంది. అదంతా రక్తనాళాల అల్లిక. పంటకు నీరు మోసే కాలువ అది. కాలువకూ పంటకూ మధ్య బ్రుక్ పొర అనే సన్నని గట్టు ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. గట్టు మీద ఒకే వరుసలో నల్లరంగు కణాలు నీరుకట్టేవాళ్లలా నిలబడి, పంటకు కావలసినంతే వదిలి, పంట విడిచిన చెత్తను ఎత్తిపోస్తుంటాయి. కాలువ నీరు నేరుగా పొలంలో పడకూడదు, గట్టు తెగకూడదు. కన్ను ఆరోగ్యంగా ఉండటమంటే ఈ కట్టుబాటు నిలవడమే.

మచ్చ అంటే ఏమిటి?

మన చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు కోరాయిడ్‌లోనూ ఉంటాయి. అవి ఒకచోట గుంపుగా చేరితే చర్మం మీద పుట్టుమచ్చ ఏర్పడినట్టే కంటిలోపల మచ్చ ఏర్పడుతుంది. వైద్యులు దీన్ని కోరాయిడల్ నీవస్ అంటారు. అద్దంలో చూసుకుంటే ఇది కనిపించదు. నొప్పి ఉండదు, దురద ఉండదు. వేరే పని మీద కన్ను చూపించుకున్నప్పుడు అనుకోకుండా బయటపడుతుంది. సాధారణంగా అడ్డంగా 5 మిల్లీమీటర్ల లోపు, మందం 2 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది.

ఇది అరుదైనదేమీ కాదు. ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో పెద్దవయసు వారిని పరీక్షిస్తే నూటికి 6.5 మందిలో కనిపించింది. అమెరికాలో వేర్వేరు జాతుల వారిని పరీక్షించిన మరో పెద్ద అధ్యయనంలో తెల్లవారిలో నూటికి 4.1, నల్లజాతి వారిలో 0.7, చైనా సంతతి వారిలో 0.4 చొప్పున కనిపించింది. తెల్లవారిలో ఎక్కువ, తక్కిన వారిలో తక్కువ అన్నమాట.

క్యాన్సర్‌గా మారుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఎక్కువగా కనిపించే అమెరికా తెల్లవారిలోనే లెక్క వేస్తే, ఒక ఏడాదిలో 8,845 మచ్చలకు ఒకటి చొప్పున మెలనోమా అనే క్యాన్సర్‌గా మారుతుందని తేలింది. కాబట్టి మచ్చ ఉందనగానే అన్నం మానేయాల్సిన పని లేదు. అలాగని పట్టించుకోకుండా వదిలేయనూ కూడదు.

అనుమానించవలసిన గుర్తులను అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు వైద్య దంపతులు కెరోల్ షీల్డ్స్, జెర్రీ షీల్డ్స్, వారి సహచరులు వేలాది మచ్చలను ఏళ్ల తరబడి గమనించి చెప్పారు. అవి: మచ్చ మందం 2 మిల్లీమీటర్లు దాటడం, రెటీనా కింద నీరు చేరడం, చూపు తగ్గడం వంటి లక్షణాలు ఉండటం, మచ్చ మీద నారింజ రంగు పొడి కనిపించడం, అల్ట్రాసౌండ్‌లో లోపల డొల్లగా అగుపించడం, అడ్డకొలత 5 మిల్లీమీటర్లు దాటడం. ఇవేవీ లేకపోతే ఫోటో తీసి పెట్టుకుని, నాలుగు నుంచి ఆరు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారి పోల్చి చూస్తారు. రెండు మూడు గుర్తులు కలిసి ఉంటే కంటి క్యాన్సర్ నిపుణుల దగ్గరికి పంపుతారు. ఒకవేళ క్యాన్సరే అయినా కన్ను తీసేయడం ఒక్కటే దారి కాదు. రేడియో ధార్మిక పదార్థం ఉన్న చిన్న పలకను కొద్దిరోజులు కంటి గోడకు కుట్టి ఉంచే చికిత్స ఉంది. దానికి కావలసిన రుథేనియం పలకను ముంబైలోని బాబా అణు పరిశోధన కేంద్రం మన దేశంలోనే తయారుచేసింది. 2019లో ఢిల్లీ ఎయిమ్స్‌లో దాన్ని వాడారు.

పైకి కనిపించే మచ్చల గురించి ఒక మాట. తెల్లగుడ్డు మీద గోధుమరంగు చుక్క, పాప చుట్టూ ఉండే రంగు వలయం మీద చుక్క చాలామందికి ఉంటాయి. అవి పెరిగినా, రంగు మారినా చూపించుకోవాలి. కొందరికి పుట్టుకతోనో యుక్తవయసులోనో ఒక కన్ను చుట్టూ చర్మం, తెల్లగుడ్డు నీలి బూడిద రంగులో ఉంటాయి. 1939లో దీన్ని వర్ణించిన జపాన్ వైద్యుడి పేరు మీద ఓటా మచ్చ అంటారు. ఆసియా వారిలో ఇది ఎక్కువ. అలాంటివారు ఏటా ఒకసారి కంటి వెనక గోడ చూపించుకోవడం మంచిది. "అందం పోయింది, పెళ్లెలా అవుతుంది" అని దాచిపెట్టే ఇళ్లు మాకు తెలుసు. దాచవలసిన దోషమేమీ అందులో లేదు.

మచ్చ మీద రక్తనాళాలు ఎందుకు మొలుస్తాయి?

మళ్లీ మన చెరువు కిందికే వద్దాం. కాలువలో గట్టును ఆనుకుని ఒక బండరాయి ఏళ్ల తరబడి ఉందనుకోండి. ఆ చోట నీరు సరిగా పారదు. గట్టు మీద నీరుకట్టేవాళ్లు నీరసిస్తారు. ఎత్తిపోయాల్సిన చెత్త అక్కడే పేరుకుంటుంది. ఆ పేరుకున్న పసుపు చుక్కలను డ్రూసెన్ అంటారు. కొన్నాళ్లకు గట్టు సన్నగా పగులుతుంది. నీరందని పొర "నాకు రక్తం కావాలి" అన్నట్టు ఒక రసాయనాన్ని వదులుతుంది. దాని పేరు క్లుప్తంగా వీఈజీఎఫ్. ఆ పిలుపుకు కాలువ వైపు నుంచి కొత్త నాళాలు పిచ్చి వేర్లలా పగుళ్లలోంచి రెటీనా కిందికి పాకుతాయి. సాయానికి వచ్చినట్టే వస్తాయి కానీ వాటి గోడలు గట్టివి కావు. నీరు, కొవ్వు, నెత్తురు కారుస్తూ పంటను ముంచుతాయి. అలాగే వదిలేస్తే ఆ చోట గాయం మాని మచ్చకట్టినట్టు గట్టిపడుతుంది. అక్కడి చూపు ఇక తిరిగి రాదు.

షీల్డ్స్ బృందం పరిశీలించిన మూడు వేలకు పైగా మచ్చల్లో ఇలాంటి నాళాలు కనిపించింది నూటికి ఒకటి కంటే తక్కువ. అంటే మన ఖాలాకు వచ్చింది అరుదైన సమస్యే. ఇక్కడొక విచిత్రం ఉంది. మచ్చ మీద ఇలాంటి నాళాలు మొలిచాయంటే చాలావరకు అది ఎన్నో ఏళ్లుగా కదలకుండా ఉన్న పాత మచ్చ అనడానికే గుర్తు. ఖాలా కుటుంబం క్యాన్సర్ అనుకుని వణికింది. నిజానికి మచ్చ సాధువే, దాని మీద మొలిచిన నాళాలే దొంగలు. ఐతే ఈ తీర్పు వైద్యులే పరీక్షలు చేసి చెప్పాలి. మెలనోమా మీద కూడా ఎప్పుడైనా నాళాలు మొలవవచ్చు కాబట్టి ముందు మచ్చ సంగతి తేల్చుకునే చికిత్స మొదలుపెడతారు.

ఈ నాళాలు మచ్చ వల్ల మాత్రమే రావు. వయసు మళ్లిన వారిలో మాక్యులా అరిగిపోవడం వల్ల వస్తాయి. ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారికి కన్ను పొడవు సాగి, గట్టు పగిలి నడివయసులోనే వస్తాయి. కంటికి గట్టి దెబ్బ తగిలినవారికి, లోపల వాపు జబ్బులు వచ్చినవారికి కూడా వస్తాయి. కారణం ఏదైనా మొదటి లక్షణం దాదాపు ఒకటే: గీత వంగుతుంది.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష

స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు మార్క్ ఆమ్‌స్లర్ గళ్ల కాగితంతో ఒక పరీక్ష రూపొందించాడు. గళ్ల మధ్యలో ఒక చుక్క ఉంటుంది. దగ్గరి చూపు జోడు పెట్టుకుని, కాగితాన్ని చదివే దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో ఆ చుక్కనే చూడాలి. గీతలు వంగినా, గళ్లు చిన్నవి పెద్దవిగా కనిపించినా, మధ్యలో మసక మరక ఉన్నా అది మాక్యులా ఇస్తున్న హెచ్చరిక. తర్వాత రెండో కంటికి కూడా అలాగే చేయాలి.

ఒక్కో కన్ను విడిగా చూసుకోవడమే ఇందులో కీలకం. రెండు కళ్లు తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కంటి తప్పును కప్పేస్తుంది. మన ఖాలాకు ఎప్పటి నుంచి ఉందో ఆమెకే తెలియకపోవడానికి కారణం అదే. కాగితం లేకపోతే తలుపు చట్రం, కిటికీ చువ్వలు, నేల మీది టైల్స్ గీతలు, పద్దు పుస్తకపు గీతలు చాలు. నలభై దాటిన ప్రతి ఒక్కరూ వారానికి ఒకసారి, ఉదాహరణకు జుమా రోజున, ఒక్క నిమిషం ఇలా చూసుకోమని మా మనవి.

గీత వంగినట్టు కొత్తగా కనిపిస్తే జోడు మార్పించుకోవడానికి వెళ్లకండి. రోజుల్లోనే, అంటే ఆ వారంలోనే, రెటీనా చూసే వైద్యుల దగ్గరికి వెళ్లండి. పంటలోకి నీరు పట్టిన మొదటి రోజుల్లో తోడేస్తే పంట నిలుస్తుంది. నెలలు నానితే కుళ్లుతుంది.

వెనక గోడను చూసే విద్య

చూపు కంటిలోంచి బయటికి వెళ్లి వస్తువును తాకుతుందని పూర్వం చాలామంది పండితులు నమ్మేవారు. వెలుతురే వస్తువు నుంచి కంటిలోకి వస్తుందని ప్రయోగాలతో వివరించినవాడు బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్. పదకొండో శతాబ్దపు తొలినాళ్లలో ఆయన రాసిన కితాబుల్ మనాజిర్ యూరప్ విద్యాలయాల్లో శతాబ్దాల పాటు చదివారు. అయినా బతికున్న మనిషి కంటి వెనక గోడను నేరుగా చూడటం మాత్రం 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్ తయారుచేశాకే వీలైంది. కాంతితోనే పొర పొరనూ కోసి చూపినట్టు చూపే ఓసీటీ పరికరం 1991లో లోకానికి తెలిసింది.

ఈ రోజు మన రోగికి చేసే పరీక్షలు కూడా ఇవే. ముందు చుక్కలు వేసి పాపను పెద్దది చేస్తారు. కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపకూడదు, తోడుగా ఒకరు ఉండాలి. తర్వాత వెనక గోడ ఫోటో తీస్తారు. ఓసీటీలో రెటీనా కింద నీరు చేరిందో లేదో తెలుస్తుంది. అవసరమైతే చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి నాళాల ఫోటోలు తీస్తారు. ఆ రోజు మూత్రం పచ్చగా వస్తే కంగారు పడకూడదు. మచ్చ మందం కొలవడానికి అల్ట్రాసౌండ్ చేస్తారు.

చికిత్స: ఒక్క సూది కాదు, వరుస సూదులు

కొత్త నాళాలను పిలిచే వీఈజీఎఫ్‌ను 1989లో గుర్తించారు. దాన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ కోసం అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే అదే మందును అతి తక్కువ మోతాదులో కంటిలోకి ఇస్తే రెటీనా కింది నీరు ఇంకిపోవడం వైద్యులు గమనించారు. కంటి కోసమే తయారైన రానిబిజుమాబ్‌కు 2006లో అనుమతి వచ్చింది. అప్పట్లో అమెరికాలో రానిబిజుమాబ్ ఒక్క మోతాదు సుమారు 2,000 డాలర్లు, బెవాసిజుమాబ్ సుమారు 50 డాలర్లు. వయసు మళ్లిన వారి మాక్యులా జబ్బుపై రెండింటినీ పోల్చిన పెద్ద ప్రయోగం ఫలితం 2011లో వెలువడింది. చూపు నిలపడంలో రెండూ సమానమే అని తేలింది. 2013లో బెవాసిజుమాబ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ కంటికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. రానిబిజుమాబ్‌కు మన దేశంలోనే తయారైన చౌక రూపం 2015లో వచ్చింది. పేదవారి చికిత్సకు డబ్బిచ్చే మనబోటి సంస్థలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఖరీదైన మందే మంచి మందు అని ఎవరూ అప్పుల పాలు కావద్దు. ఏది తగునో వైద్యుణ్ణి అడిగి, తక్కువ ధరలో దొరికేది ఉందా అని కూడా అడగాలి.

కంటిలోకి సూది అనగానే ఒళ్లు జలదరిస్తుంది. మత్తు చుక్కలు వేసి, తెల్లగుడ్డు మీదుగా 0.05 మిల్లీలీటర్ల మందు ఇస్తారు. సూది పని క్షణాల్లో అయిపోతుంది. ఐతే మందు బలం కొన్ని వారాలే ఉంటుంది. అందుకే మొదట సాధారణంగా నెలకొకటి చొప్పున మూడు సూదులు, ఆపైన ఓసీటీ చూస్తూ అవసరాన్ని బట్టి మరికొన్ని ఇస్తారు. మొదటి సూదికి కాస్త బాగుందనిపించి రెండోదానికి రాకుండా ఆగిపోతే మళ్లీ మొదటికొస్తుంది. సూది తర్వాత కొద్దిరోజుల్లో నొప్పి, ఎరుపు ఎక్కువైనా, చూపు తగ్గినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. లోపల చీము పట్టే ప్రమాదం వేలల్లో ఒకరికి ఉంటుంది. గంటలు కూడా విలువైనవే.

రంజాన్ నెలలో "ఈద్ అయ్యాక చూద్దాం" అని సూది వాయిదా వేసుకునేవారు ఉన్నారు. కంటిలో చుక్కలు వేసుకుంటే రోజా భంగం కాదన్నది హనఫీ ఫిఖ్‌హ్‌లో తెలిసిన మాటే. సూది విషయంలో సందేహం ఉంటే తమ ఆలిమ్‌ను ముందే అడిగి తెలుసుకోవాలి. అడగకుండా ఆలస్యం చేయడం మాత్రం మంచిది కాదు.

మన దగ్గర దారి ఏది?

మన జిల్లాలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రెటీనా విభాగం, కంటి క్యాన్సర్ విభాగం రెండూ ఉన్నాయి. డబ్బు కట్టలేనివారికి అక్కడ ఉచిత వైద్యం కూడా అందుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మొదలుపెట్టి, 2023 జనవరిలో రెండో విడత నడిపిన కంటి వెలుగు వల్ల పల్లెల్లో కన్ను చూపించుకోవాలన్న ఆలోచన పెరిగింది, లక్షల మందికి కళ్లజోళ్లు అందాయి.

మహబూబాబాద్ నుంచి రైలెక్కితే కాజీపేట మీదుగా సికింద్రాబాద్ చేరవచ్చు. దారి ఉంది. మరి ఖాలా దగ్గర తెగిపోయింది ఎక్కడ? మా బల్ల దగ్గరే. జోడు, శుక్లం – ఈ రెండే మా కళ్లకు కనిపించాయి. కంటి వెనక గోడ అనేది ఒకటుందని మా రిజిస్టరులో గడే లేదు.

దాతలకు మా మనవి

ఖాలా సంగతి తెలిశాక మేము రిజిస్టరులో రెండు ప్రశ్నలు చేర్చాం. "నేరుగా ఉన్న గీత వంకరగా కనిపిస్తోందా? చూపు మధ్యలో మరక ఉందా?" గళ్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బల్ల మీద ఉంచాం. జుమా తర్వాత మసీదు ఆవరణలో ఒకసారి ఈ పరీక్ష చూపించాం. పోయిన ఏడాది కేసముద్రం మార్కెట్ యార్డులో పద్దులు రాసే ఒక భాయ్‌కి మిర్చి లెక్కల గీతలు వంగి కనిపించాయి. మసీదులో చూసింది గుర్తొచ్చి పదో రోజుకల్లా హైదరాబాద్ వెళ్లారు. ఆయనకు మచ్చ లేదు, ఎక్కువ మైనస్ పవర్ వల్ల నాళాలు మొలిచాయి. మూడు సూదులతో నీరు ఇంకింది. ఇప్పటికీ పద్దులు ఆయనే రాస్తున్నారు. ఖర్చు పెట్టింది ఒక గళ్ల కాగితం, రైలు టికెట్లు, సూదుల డబ్బు.

ఇకపై మనం చేయదగిన పనులు మాకు తోచినవి ఇవి.

ఒకటి, శిబిరంలో నలభై దాటిన ప్రతి ఒక్కరికీ గళ్ల కాగితం పరీక్ష, ఒక్కో కంటికి విడివిడిగా.

రెండు, ఏదైనా పెద్ద కంటి ఆసుపత్రితో మాట్లాడి, శిబిరానికి వెనక గోడ ఫోటో తీసే కెమెరా రప్పించడం. ఆ ఫోటోలు రెటీనా వైద్యులు చూస్తారు. కెమెరా ఉంటే మచ్చలే కాదు, షుగర్ వల్ల రెటీనా చెడిపోవడం కూడా ముందే దొరుకుతుంది. మన వాడల్లో షుగర్ లేని ఇల్లు ఎన్నని లెక్కపెట్టగలం?

మూడు, దానం "ఒక సూది"కి కాదు, "ఒక మనిషికి ఒక ఏడాది"కి ఇవ్వడం. అందులో సూదులు, ఓసీటీ, ఇద్దరి రైలు ఛార్జీలు, పోయిన రోజు కూలీ అన్నీ కలవాలి. చాలామంది రెండో సూదికి ఆగిపోయేది మందు ఖరీదు వల్ల మాత్రమే కాదు, వెంట వెళ్లేవారు లేక కూడా. డబ్బు ఇవ్వలేని యువకులు తోడు వెళ్లినా అది సదఖానే. జకాత్ సొమ్ము ఎవరికి, దేనికి వాడవచ్చో ఆలిమ్‌లను అడిగి నిర్ణయించుకుందాం.

నాలుగు, మచ్చ ఉందని తేలినవారి ఫోటో, తేదీ మన దగ్గర ఒక ఫైలులో ఉంచి, ఏడాది తిరిగేసరికి ఫోను చేసి గుర్తుచేయడం. మచ్చకు కావలసిన వైద్యం చాలాసార్లు ఇంతే.

ఐదు, ఈ ప్రత్యేక సంచికలో ఎన్ని జోళ్లు పంచామన్న లెక్క పక్కనే, ఎంతమందిని రెండోసారి కలిసి "ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగామో కూడా అచ్చువేయడం. ఆ గడి ఆనాడే ఉండి ఉంటే ఖాలా మాట మేము అంత తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లం కాము.

ఖాలా సంగతి చెప్పి ముగిస్తాం. ఆమెకు కూడా మూడు సూదులు ఇచ్చారు. నీరు ఇంకింది, నెత్తురు ఆగింది. కానీ ఐదు నెలలు నానిన చోట మరక మిగిలిపోయింది. ఎడమ కంటితో చూస్తే మనిషి ముఖం మధ్యలో పొగ కమ్మినట్టు ఉంటుందంటారు. కుడి కన్ను, అల్‌హమ్దులిల్లాహ్, బాగుంది. మచ్చ ఉన్నచోటే ఉంది, ఏటా ఫోటో తీస్తున్నారు, మారలేదు. కుట్టు మిషను సన్నపని మానేసి ఇప్పుడు దిండు గలీబులు కుడుతున్నారు.

మొన్న ఆమె ఇంటికి వెళ్లి, ఈ వ్యాసంలో మీ కథ పేరు లేకుండా రాయనా అని అడిగాం. "రాయండి మాస్టర్ సాబ్. నేను చెప్పినప్పుడు మీకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది కదా, ఇంకెవరైనా వచ్చి గీత వంగుతోందంటే వాళ్ల మాట వినండి" అన్నారు. మా బళ్లో ఏ శిక్షణ తరగతీ ఇంత సూటిగా మాకు పాఠం చెప్పలేదు.

అల్లాహ్ మనందరి కంటిచూపును కాపాడుగాక. దాతల ఇళ్లలో బరకత్ ప్రసాదించుగాక. మేము నేర్చుకున్న ఈ కొద్దిపాటి జ్ఞానాన్ని ఇంకొకరి కంటికి వెలుగుగా మార్చుగాక. ఆమీన్.